మిరపపండు రంగు కారు

కారు బానెట్ మీద రంగు ఇంకా పచ్చిగా ఉండగానే పైనుంచి ఒక తడి తువ్వాలు వచ్చి దాని మీద పరుచుకుంది.

స్ప్రే గన్ పట్టుకున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పొద్దుటి నుంచి పడ్డ కష్టమంతా ఆ తువ్వాలు కింద ఉంది.

"ఎవరిదీ తువ్వాలు?"

మేడమీది పిట్టగోడ మీంచి ఒక తల తొంగిచూసింది. పైగదిలో కొత్తగా అద్దెకు దిగిన కుర్రాడు.

"నాదేనండీ. గాలికి జారింది. కాస్త పైకి విసురుతారా?"

"తప్పకుండా. ముందు మీరు కిందికి రండి. ఇద్దర్నీ కలిపి విసురుతాను."

అతను వచ్చాడు. ఆమె చివర్లు పట్టుకుని తువ్వాలుని మెల్లగా ఊడదీసింది. మిరపపండు ఎరుపులో తువ్వాలు గళ్ళన్నీ అచ్చు దిగాయి. మధ్యలో నూలు పోగులు అతుక్కుని నిలబడ్డాయి.

"అయ్యో! తుడిస్తే పోతుందేమో..." అంటూ అతను చెయ్యి చాపాడు.

"ముట్టుకున్నారంటే ఆ చెయ్యికి కూడా రంగేస్తాను."

వరండాలో కూర్చున్న ఆమె తండ్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడాయన. జనం తగువులు చూడటం ఆయనకి అలవాటే. "బాబూ, దిగావు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి ఇంతవరకూ పాల డబ్బాకి కూడా రంగు వెయ్యలేదు. ఇదే మొదటిసారి. అందుకే ఆ కోపం."

ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. ఎవరిదో స్కూల్లో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు సొంతంగా పెట్టుకోవాలని ఈ పాత తెల్లకారు కొంది. రంగు వేయిద్దామని షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మేస్త్రీ, "మీ నాన్నగారిని పంపమ్మా, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా కారు వెనక్కి తిప్పేసింది. కంప్రెసరూ గన్నూ అద్దెకి తెచ్చి ఇంటి ముందే మొదలుపెట్టింది.

"ఇంతకీ మీరేం చేస్తుంటారు?" అని అడిగింది, పాడు చేసినవాడి వివరాలు రాసుకునే పోలీసులాగా.

"పళ్ళు చేస్తుంటానండీ."

"పళ్ళు అమ్ముతారా? ఏ సెంటర్లో మీ బండి?"

"అమ్మనండీ, చేస్తాను. నోట్లో పెట్టుకునేవి."

"పళ్ళు ఎవరైనా నోట్లోనే కదా పెట్టుకుంటారు!"

"కట్టుడు పళ్ళండీ! డెంటల్ ల్యాబులో."

ఆమె తల తిప్పేసుకుంది కానీ, నవ్వడం అతను చూడనే చూశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అతని పేరు పళ్ళబ్బాయి.

తప్పు చేసినవాడే దిద్దాలని ఆమె షరతు పెట్టింది. రంగు బాగా ఆరాక అతను వాటర్ పేపరు, అదే రంగు అరగదీసే గరుకు కాగితం, పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు పోసుకుంటూ గళ్ళన్నీ పోయేదాకా బానెట్ రుద్దాడు. పళ్ళు నున్నగా సానపట్టే చేతులు కావడంతో పని ఆమెకన్నా చక్కగా వచ్చింది. అది చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

మరుసటి ఆదివారం అతను పిలవకుండానే దిగాడు. మెట్ల రెయిలింగు నుంచి గోడ దాకా తాళ్ళు కట్టి పెద్ద ప్లాస్టిక్ షీట్లు వేలాడదీశాడు. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లాడు. అద్దాలకీ లైట్లకీ ఇద్దరూ పాత పేపర్లు అతికించారు. గన్ దగ్గరగా పెడితే రంగు కారిపోతోంది, దూరంగా పెడితే ఇసకలా గరుగ్గా పడుతోంది. పొరపాట్లన్నీ ఒక్కొక్కటిగా చేసి నేర్చుకున్నారు.

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరికీ తెలీదు.

ఒకరోజు డోరు రుద్దుతూ ఆమె ఉన్నట్టుండి చెప్పింది. "నాకు పెళ్ళి కుదిరి తప్పిపోయింది, తెలుసా? మగాళ్ళ పక్కన కూర్చుని కార్లో తిరగడం ఆపెయ్యమన్నాడు పెళ్ళికొడుకు. తిరగడం కాదు, నేర్పడం అన్నాను. రెండూ ఒకటే అన్నాడు."

"వాడికి బుర్ర లేదు."

"నువ్వయితే?"

"నేనయితే వెనక సీట్లో కూర్చుని ఫ్రీగా నేర్చుకునేవాణ్ణి."

ఆమె చేతిలోని తడి పేపరు అతని మీదకి విసిరింది. ఆ వేళంతా చాలా తేలిగ్గా అనిపించింది ఆమెకి. కన్నీళ్ళు లేకుండా ఆ సంగతి ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

టాపు మీద రంగు వేసిన రోజు వాన కుమ్మరించింది. గాలికి షీటు తాళ్ళు తెగాయి. ఒకవైపు ఆమె, ఒకవైపు అతను షీటు అంచులు పట్టుకుని కారు మీదకి చాచి నిలబడ్డారు. కారు పొడిగా ఉంది. వాళ్ళిద్దరూ నిలువెల్లా తడిశారు. కనురెప్పల మీది నీళ్ళు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. అందుకని ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

"వచ్చే వారం మా అమ్మని రమ్మంటాను," అన్నాడతను, వాన చప్పుడుకి గొంతు పెంచి.

"పళ్ళు కట్టించుకోవడానికా?"

"కోడల్ని చూసుకోవడానికి."

ఆమె పట్టు సడలి, షీటు ఆ వైపు కాస్త వంగింది.

అతని తల్లి స్కూల్ టీచరు. నెమ్మదస్తురాలు. వస్తూనే కారు చుట్టూ తిరిగి చూసి, "నువ్వే వేశావా అమ్మాయీ? మా వాడు గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకుంటాడు" అని మెచ్చుకుంది. ఆమె తండ్రితో పాత బస్సుల గురించి కబుర్లు చెప్పింది. అంతా సవ్యంగానే జరుగుతోంది అనుకుంటుండగా, టీ కప్పు చేతిలోకి తీసుకుని అంది.

"నేర్పడం మానెయ్యమని నేననను. చదువు చెప్పుకునేదాన్ని, పని విలువ తెలుసు. కాకపోతే ఆడవాళ్ళకి మాత్రమే నేర్పు తల్లీ. ఊరి నోటికి మనం చిక్కకూడదు కదా."

ఆమె అతని వైపు చూసింది. తండ్రి కూడా అతని వైపే చూశాడు.

అతను నేల చూస్తున్నాడు.

"నువ్వేమంటావు?" అని అడిగింది.

"అమ్మ చెప్పినదాంట్లో తప్పేముంది..." అతను నసిగాడు. "కొన్నాళ్ళు ఆడవాళ్ళకే నేర్పితే సరిపోతుంది. తర్వాత మెల్లగా మనం చూసుకోవచ్చు."

"టీ చల్లారిపోతోంది, తాగండి ఆంటీ," అంది ఆమె. ఆ తర్వాత ఆ సంబంధం గురించి ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడని గేటు దాకా సాగనంపింది కూడా.

ఆఖరున కారుకి వెయ్యాల్సింది మెరుపు పూత. అతను గ్లవ్స్ తొడుక్కుని దిగేసరికి ఆమె అప్పటికే షీట్ల లోపల ఉంది.

"నేను వేసుకుంటాను. నువ్వు పైకెళ్ళు."

"కోపమా?"

"పని ఉంది."

ఒంటరిగా వేసింది. కుడివైపు డోరు మీద పూత కారి చారలు కట్టింది. మళ్ళీ రుద్ది వేద్దామని తండ్రి అంటే, వద్దంది. నేర్చుకునేవాళ్ళు ఎలాగూ కారుని గోడలకి రాసేస్తారని చెప్పి లోపలికెళ్ళిపోయింది.

డ్రైవింగ్ స్కూలు మొదలైంది. మొదటి నెలలోనే ఆడవాళ్ళూ మగవాళ్ళూ చాలామంది చేరారు. ఆమె పొద్దున్నే వెళ్ళి చీకటిపడే వేళకి వచ్చేది. మెట్ల మీద అతను ఎదురైతే పక్కకి జరిగి దారిచ్చేది.

ఒకరోజు పొద్దున అతను గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మ ఒప్పుకుంది! రోజూ ఫోన్లో పోట్లాడాను. ఎవరికైనా నేర్పుకోమంది. నిన్ను క్షమించమని కూడా అడగమంది."

"ఆవిడ తప్పేం లేదు. క్షమించడానికేముంది?"

"మరి ఇంకేంటి? నువ్వంటే నాకు ప్రాణం. నీకు నేనంటే ఇష్టం లేదా?"

"ఉంది," అంది ఆమె. దాచుకోకుండా చెప్పింది. "ఆ రోజు నువ్వు నేల చూస్తున్నప్పుడు కూడా ఉంది. ఇప్పుడూ ఉంది. నా ఏడుపంతా అదే."

"అయితే?"

"మీ అమ్మకి నేనెవరో తెలీదు. ఆవిడ అడిగింది, అంతే. నీకు తెలుసు. ఆ మొదటి సంబంధం వాడి గురించి నీకు నేనే చెప్పాను. అన్నీ తెలిసి, వాడి మాటే నువ్వు కాస్త మెత్తగా అన్నావు."

"ఒక్కసారి నోరు పెగల్లేదు. దానికి ఇంత శిక్షా?"

"శిక్ష కాదు. రేపు మనింట్లో ఎవరు ఏ మాటన్నా, ముందు నీ మొహం చూసి భయపడాలి నేను, మళ్ళీ నేల చూస్తావేమోనని. అలా బతకలేను. వేరే గది చూసుకో. రోజూ నిన్ను చూస్తుంటే కష్టంగా ఉంది."

అప్పుడే ఆ పూట నేర్చుకోవాల్సినాయన వచ్చాడు. బ్యాంకు దగ్గర కాపలా ఉండే మనిషి, నడివయసు. ఆమె తాళాలు ఆయన చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చుంది. అతనే గేటు తెరిచాడు. కారు ఒక కుదుపుతో కదిలి, సందు మలుపు తిరిగింది.

అతను వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"మీరైనా ఒక మాట చెప్పండి అంకుల్. మీ మాట వింటుంది."

తండ్రి తల అడ్డంగా ఊపాడు. "ఆ మొదటి సంబంధం అప్పుడు చెప్పాను బాబూ, సర్దుకుపొమ్మని. బతిమాలాను. చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాట నా నోటి నుంచి మళ్ళీ రాదు. నువ్వు మంచివాడివే. నేనూ మంచివాణ్ణే."

అవతల పెద్ద రోడ్డు మీద బ్యాంకు కాపలామనిషి రెండు చేతులా స్టీరింగు బిగించి పట్టుకుని నడుపుతున్నాడు. పక్కనుంచి ఏ సూచనా వినిపించకపోయేసరికి తిరిగి చూశాడు.

"మేడమ్, కంట్లో ఏమైనా పడిందా? ఆపమంటారా?"

"నా మొహం కాదు," అంది ఆమె, చెంపలు తుడుచుకోకుండానే. "రోడ్డు చూడండి."