యోనా పలక

కొలోన్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఏజెంట్ ఎకార్ట్ థేలెన్ చేతుల్లో ఒక మనిషి ప్రాణం వదిలాడు. శత్రువుల ముఠాలో ఎకార్ట్ నాటిన ఇన్‌ఫార్మర్ అతను. ఎవరు కాల్చారో కనబడలేదు. పోయేముందు ఒక్క మాటే అన్నాడు.

"మూడో రోజు బయటికొచ్చినవాడి దగ్గర..."

మర్నాడు పొద్దున బాన్ ఆఫీసులో ఆ మాట విని చీఫ్ లాంబర్ట్ క్రింగ్స్ పైపు వెలిగించాడు.

"తూర్పున పనిచేసే మన ఏజెంట్ల ఫోటోలన్నీ మైక్రోఫిల్మ్‌కి ఎక్కాయి అబ్బాయ్. అది సరిహద్దు దాటితే ఒక్కడూ మిగలడు."

"ఎలా దాటిస్తున్నారు సార్?"

"మరియెన్‌గ్రుండ్ మఠం కిటికీల్లో. ఆ రంగుటద్దాలు ప్రాగ్ ఎగ్జిబిషన్‌కి పోతున్నాయి. ఇవాళ మధ్యాహ్నమే లారీ. అద్దాల ముక్కల్ని పట్టి ఉంచే సీసపు పట్టీలో దాచారు."

"మరి ఆ మాట?"

"అందులో తెలియందేముంది? మూడో రోజు సమాధిలోంచి లేచిన ఏసు ప్రభువు. ఆ బొమ్మున్న అద్దం, పునరుత్థానం పలక, అదొక్కటి ఆపు, మిగతావి పోనీ. ఇంకోటి, అద్దాలు బాగుచేసే మెష్టిల్డ్ త్సాండర్ వాళ్ళ మనిషే. అందం చూసి ఆగకు, కాల్చెయ్."

ఎకార్ట్‌కి పని నేర్పింది క్రింగ్స్. తండ్రి పోయినప్పుడు శవపేటికకి భుజం పట్టిందీ ఆయనే. ఎదురు ప్రశ్న వెయ్యాలని ఎకార్ట్‌కి తోచలేదు.

క్రింగ్స్ కారు మఠం గేటు దగ్గర ఆగింది, ఆయన కార్లోనే ఉండిపోయాడు. ఎకార్ట్ నల్లటి సన్యాసి అంగీ తొడుక్కుని లోపలికి నడిచాడు. వసారాలో పలకలన్నీ ఎండకి ఆనించి ఉన్నాయి. ఎర్రటి, నీలపు వెలుగు నేలమీద పరుచుకుంది. సిగరెట్ లైటర్‌లో దాగిన భూతద్దం తీసి పునరుత్థానం పలకని అంగుళం అంగుళం వెతికాడు. సీసమంతా పాతది, మసిబారింది. ఏమీ లేదు.

దాని కిందే ఇంకో పలక ఉంది. పెద్ద చేప నోట్లోంచి బట్టతల యోనా ప్రవక్త బయటికొస్తున్నాడు. చిన్నప్పుడు పూజలో గంట కొట్టిన ఎకార్ట్‌కి అప్పుడు వెలిగింది. చేప కడుపులోంచి యోనా వచ్చిందీ మూడో రోజే! చేప పళ్ళ దగ్గర సీసం కొత్తగా మెరుస్తోంది.

"బ్రదర్, మా తోటలో చెర్రీలు ఇంకా పండలేదు," అంది వెనక నుంచి ఒక ఆడగొంతు.

పిస్టల్‌తో తిరిగిన ఎకార్ట్ చెయ్యి ఆగిపోయింది. అది తనకీ, చనిపోయినవాడికీ మాత్రమే తెలిసిన సంకేతం.

"పిట్టలకి ముందే తెలుసు," అన్నాడు బదులుగా.

మెష్టిల్డ్ ఊపిరి పీల్చుకుంది. "ముఠాలో ఉన్నా మిలిటరీ ఇంటెలిజెన్స్‌కి పనిచేస్తున్నాను. ఆ ఇన్‌ఫార్మర్ నా స్నేహితుడే, సంకేతం అతనే చెప్పాడు. స్టేషన్లో కలుస్తున్నట్టు ఎవరికి చెప్పారు మీరు?"

"చీఫ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు."

ఆమె చేప పలక దగ్గర వంగింది. చాకుతో సీసం విప్పి ఫిల్మ్ ముక్క అతని చేతిలో పెట్టింది. ఎకార్ట్ దాన్ని ఎండకి పట్టాడు. భూతద్దంలో ఏజెంట్ల ముఖాల చివర తన ముఖమే కనిపించింది, ఒళ్ళో తెల్లగౌను పాపాయితో. కూతురి జ్ఞానస్నానం రోజు. గుడిలో కెమెరా పట్టుకున్నది ఒక్కడే, పాపకి రెండో తండ్రిగా దేవుడి ఎదుట మాటిచ్చిన జ్ఞానతండ్రి. లాంబర్ట్ క్రింగ్స్.

ఎకార్ట్ ఫిల్మ్‌ని పిడికిట్లో దాచుకున్నాడు.

బయట లారీ స్టార్టయింది. క్రింగ్స్ వసారాలోకి వచ్చాడు. "పనయిందా అబ్బాయ్?"

"అయింది సార్. పునరుత్థానం పలకలోనే దొరికింది."

"అందులో ఎలా ఉంటుంది..." నాలుక కరుచుకున్నాడు క్రింగ్స్. మరుక్షణం అతని పిస్టల్ మెష్టిల్డ్ తలకి ఆనింది. "ఫిల్మ్ ఇటివ్వు. లారీ నాకోసమే కాచుకునుంది."

"నా బిడ్డకి జ్ఞానతండ్రిగా నిలబడ్డావు. నా ముఖం కూడా అమ్మేశావా?"

"యుద్ధంలో నేను చేసిన పనులకి వాళ్ళ దగ్గర సాక్ష్యముంది. ముఖాలు అడిగారు, ఒక్కొక్కటే ఫిల్మ్‌కి ఎక్కించాను. నీది చివరికి ఉంచాను ఎకార్ట్, నమ్ము."

"నమ్మాను. ఇన్నాళ్ళూ."

ఎకార్ట్ లైటర్ నొక్కాడు. మంట తగిలి ఫిల్మ్ ముడుచుకుపోయి నల్లగా కారింది.

క్రింగ్స్ తెల్లబోయాడు, తర్వాత నవ్వాడు. "పిచ్చివాడా! నామీద ఉన్న ఒక్క రుజువూ తగలబెట్టుకున్నావు."

"వాళ్ళు బతుకుతారు. అది చాలు."

"రుజువుకి లోటేం లేదు హెర్ క్రింగ్స్," అంది మెష్టిల్డ్ కదలకుండా. "నా కాలర్ మీది బ్రోచ్ మైక్రోఫోన్. మీ మాటలన్నీ తోటలో మావాళ్ళు విన్నారు."

గేటు దగ్గర ఈలలు మోగాయి. లారీ ఇంజన్ ఆగిపోయింది. వసారా రెండు చివర్లా సైనికులు. క్రింగ్స్ పిస్టల్ మెల్లగా కిందికి వాలింది. వెళ్తూ ఒక్కసారి ఎకార్ట్ వైపు చూశాడు. ఎకార్ట్ చూడలేదు.

మెష్టిల్డ్ అతనికి సిగరెట్ అందించింది. "పాపకి ఇంకో జ్ఞానతండ్రిని వెతకాలి మీరు."

"తొందరేం లేదు. ఈ పూటకి జ్ఞానం తండ్రికే వచ్చింది," అన్నాడు ఎకార్ట్.