చక్రపాణి గారి బేస్‌మెంట్‌లో నిట్టూర్పు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో చక్రపాణి గారి బేస్‌మెంట్ అంటే పాడేవాళ్లందరికీ హడల్. అక్కడ రికార్డ్ చేసిన ఏ పాటలోనైనా సరే, చరణానికీ చరణానికీ మధ్య ఎవరో నిట్టూరుస్తారట… ఆ ఇంట్లో ఇదివరకు ఒకావిడ పోయిందని కూడా చెప్పుకునేవారు.

మరి దమయంతి అక్కడికెందుకు వెళ్లింది? గొంతు కోసమండీ! పోయిన శనివారం స్టేజి మీద పై స్వరం అందుకున్నప్పుడల్లా ఆమె గొంతు అణిగిపోయింది. ఇరవై ఏళ్లుగా పాడుతున్న మనిషి! మర్నాడే, రాబోయే ఉగాదికి పాడాల్సిన పాట ఆమె నుంచి తీసి, పక్కన పాడే రచనకి ఇచ్చేశారు. నిజంగానే తన గొంతు పోయిందా — ఆ ముందు వారం బేస్‌మెంట్‌లో చేసిన రిహార్సల్ రికార్డింగ్ వింటే తేలిపోతుంది.

"వద్దక్కా… అది దెయ్యాల కొంప" అని రచన బతిమాలింది. అయినా తోడొచ్చింది. పదేళ్ల స్నేహం మరి. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ఐదుకే చీకటి పడింది. బయట మంచు. చక్రపాణి గారు రికార్డింగ్ పెట్టారు.

దమయంతి గొంతు ఖంగున మోగింది. అమ్మయ్య! ఆమెకి కళ్లు చెమర్చాయి.

పాట ఆగింది… అందరూ టీ తాగడానికని పైకెళ్లిన చోటు అది. రికార్డింగ్ ఆపడం ఆ రోజు చక్రపాణి గారు మరిచిపోయారు.

అప్పుడు — హా… అని నిట్టూర్పు.

రచన చెయ్యి బిగుసుకుంది. "ఆపెయ్యండి అంకుల్!"

ఆయన నవ్వారు. "దెయ్యమూ లేదు, పాడూ లేదమ్మా. అది ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్. ఈ కంప్రెసర్, లిమిటర్‌లాగే, గట్టి శబ్దాన్ని నొక్కేస్తుంది. అప్పుడు మొత్తం సౌండ్ పెంచితే, వినపడని చప్పుళ్లు కూడా పైకొస్తాయి. ఇదిగో, ఇంకాస్త పెంచుతా."

నాబ్ తిప్పారు. ఫర్నెస్ బుస పెరిగింది. గోడ గడియారం టిక్కు టిక్కుమంది… దాని వెనక — గుసగుస. ఆడగొంతు. ఫోన్‌లో.

"…శనివారం మిక్సర్ దగ్గర మీరే కదా? దమయంతక్క మైక్‌కి లిమిటర్ బాగా కిందికి దించండి… గొంతు లేవకూడదు… ఛ, ఎవరికీ తెలీదు. తన గొంతే పోయిందనుకుంటుంది."

  పదేళ్లు తన పక్కన నిలబడి పాడిన గొంతు, దమయంతి పోల్చుకోలేదా!

తన చేతిలోని చెయ్యి మెల్లగా జారుకోబోయింది… దమయంతి వదల్లేదు.

"దెయ్యం ఉందన్నావు కదే…" అంది, తనూ గుసగుసగానే. "పేరు చెప్పలేదేం?"