బిగించకుండా గీసిన గీత

నాకు నోరెక్కువ, పనితనం తక్కువ అని బావ నలుగురిలో ఆటపట్టించేవాడు. కానీ నా వెల్డింగుకి మాత్రం వంక పెట్టేవాడు కాదు. ఆ మధ్యాహ్నం అక్క జీపు వెనక ఆర్మ్‌లు నాలుగూ ఊడదీసి, ఒక్కోదానికి మందపాటి ఇనప పట్టీ వేసి అతికి, మళ్లీ ఎక్కించాను. వెనక ఇరుసుని జీపుకి పట్టి ఉంచేవి అవే. పోయినేడు కొండ మలుపులో అందులో ఒకటి ఊడబట్టే బావ లోయలో పడి చనిపోయాడు.

లోయలోంచి తీయించి బాగుచేయించిన ఆ జీపుని అమ్మడానికి అక్కకి మనసొప్పలేదు. మర్నాటి నుంచి తనే కొండ మీది క్యాంపుకి మనుషుల్ని ఎక్కించుకెళ్తానంది. "అంత పనిమంతుడు, తన బండికే బోల్టు సరిగ్గా బిగించుకోలేదు. నన్నిలా వదిలేశాడు" అని ఏడాదిగా బావని తిడుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

ఆ బోల్టు బిగించాల్సింది నేను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. జీపు స్టాండ్ల మీద ఉన్నంతసేపూ బోల్టులు వదులుగానే ఉంచాలి. కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాక అసలు బిగింపు. లేదంటే లోపలి రబ్బరు మెలిపడి చిరుగుతుంది. బిగించినదాన్ని పానాతో రెండుసార్లు తట్టి, దాని మీద తెల్ల పెయింటుతో గీత గీసేవాడు బావ. గీత ఉంటే ఇంకెవరూ ముట్టుకోరు. పోయినేడు ఆ రోజు తొందరలో నేను, ఆర్మ్‌కి రెండు చొప్పున ఉన్న ఎనిమిది బోల్టులకీ ముందే గీతలు గీసేశాను, దించాక బిగిద్దాంలే అని. ఏడు బిగించాను. ఎనిమిదోది మర్చిపోయాను. గీత చూసి బావ నమ్మాడు.

ఈసారి గీతల జోలికే పోలేదు. జీపు దించి, టార్చి పట్టుకుని కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. బయట వాన దంచేస్తోంది. రేకుల మీద మోతకి నా తిట్లు నాకే వినబడటం లేదు. ఒకటి, రెండు... ఏడు బిగించేసరికి కరెంటు పోయింది. టార్చి కూడా మినుకు మినుకుమని ఆరింది.

అప్పుడొచ్చింది కిరోసిన్ వాసన. కిరోసిన్‌తో చేతులు కడుక్కునేది బావ ఒక్కడే.

టక్... టక్.

కుడిపక్క. ఎనిమిదో బోల్టు దగ్గర.

"అక్కా... నువ్వేనా?"

వాన ఆగినట్టు అంతా నిశ్శబ్దం. ఇనుము మీద ఇనుము మెల్లగా తిరుగుతున్న చప్పుడు. కిర్‌ర్... కిర్‌ర్...

"ఇది నేను చూసుకుంటాలే, బామ్మర్దీ."

చెవి పక్కనే, బావ గొంతు.

"మీ అక్కకి చెప్పావా?"

"చె... చెప్తాను బావా. ఇవాళే చెప్తాను. ఒట్టు..."

గొంతు మీద ఏదో చల్లగా, తడిగా, మెత్తగా పాకింది. అడ్డంగా... ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. దేక్కుంటూ బయటికొచ్చి పడ్డాను.

కరెంటు వచ్చింది. పెయింటు డబ్బా పై అరలోనే ఉంది, మూత ఏడాదిగా అంటుకుపోయి. ఎనిమిదో బోల్టుకి పానా వేశాను. నేను చెయ్యి కూడా పెట్టని బోల్టు... ఇసుమంత కదల్లేదు.

ముందు గదిలోంచి అక్క వచ్చింది. "అన్నీ బిగించావా? మీ బావలా అశ్రద్ధ చెయ్యలేదు కదా?"

ఇదే సమయం. నోరు తెరిచాను. అక్క కళ్లు చూశాను.

"లేదక్కా" అన్నాను.

"సరే. ఒరేయ్, గొంతు మీద ఆ తెల్ల గీతేంట్రా?"

"పెయింటు... అంటుకుంది."

అక్క రోజూ క్షేమంగా వెళ్లొస్తోంది. సాయంత్రం జీపు దిగుతూ బావని ఓ మాట అంటుంది. నేను సిగ్గు లేకుండా ఊఁ కొడతాను. గీత సబ్బుకీ పోలేదు, కిరోసిన్‌కీ పోలేదు. అది కనబడకుండా చొక్కా పైగుండీ పెట్టుకు తిరుగుతున్నాను.

ఈ చొక్కా బావది, నాకెప్పుడూ వదులే. నాలుగు రోజులుగా ఆ పైగుండీ పట్టడం లేదు, కాలరు గొంతు చుట్టూ రోజుకింత బిగుస్తోంది.