దిగేటప్పుడు కనిపించే గుర్తులు

"ఆ పసుపు బాణాలు వేసిన మహానుభావుడు ఎవరండీ?"

ట్రెక్కింగ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి నిలువునా తడిసి ఉంది. మోకాళ్ళ దాకా బురద. చేతిలో గొడుగు ఉంది గానీ, ఊచలు మూడు బయటికి పొడుచుకొచ్చి, దాన్ని గొడుగు అనాలంటే ధైర్యం కావాలి.

కిటికీ కింద కూర్చుని కుంచెలు కడుక్కుంటున్న కుర్రాడు చటుక్కున లేచాడు. మెచ్చుకోవడానికి వచ్చిందనుకుంటున్నాడని అతని మొహం చూస్తేనే ఆమెకు అర్థమైంది.

"నేనేనండి. బాగున్నాయా?"

"ఎక్కేటప్పుడు దివ్యంగా ఉన్నాయి. దిగేటప్పుడు ఒక్కటి కనిపిస్తే ఒట్టు."

ఆమెది ఆ ఆఫీసులోనే ఉద్యోగం. కొండలెక్కడానికి వచ్చేవాళ్ళకు మ్యాపులిచ్చి, వంతెన దాకా వెంట నడిచి, ఆ లోయలో రాళ్ళకూ నీళ్ళకూ ఉన్న కథలు చెప్పి పంపుతుంది. అందుకే అందరూ ఆమెను కథలమ్మాయి అంటారు. కిందటి వానలకు పాత కాలిబాట కొండచరియతో పాటు జారిపోయింది. కొత్త బాట వేశారు, గుర్తులు పెట్టడానికి పెయింటర్ని పిలిపించారు. వారం రోజులు జ్వరంతో పడుకుని లేచిన కథలమ్మాయి, మనుషుల్ని పంపే ముందు తనొకసారి నడిచి చూద్దామని పొద్దున్నే బయల్దేరింది. కనుమ దాకా వేలు పట్టి నడిపించినట్టే ఉంది. పైకెళ్ళి వెనక్కి తిరిగితే ఏముంది, అన్నీ బోడి రాళ్ళు. బాణాలన్నీ ఎక్కేవాళ్ళ వైపే ఉన్నాయి. ఇంతలో మంచు కమ్మింది, వాన పట్టుకుంది. మూడో మలుపులో మేకల దారి పట్టుకుని పోయి ఎవరిదో కంచె దగ్గర తేలింది. కంచెకు ఇవతల ఒక కుక్క.

ఇదంతా ఆమె ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు.

"గుర్తులు పెట్టిన మనిషి, అసలు మీరు ఎప్పుడైనా దిగారా?" అని అడిగింది చివరికి.

"రోజూ దిగానండి." కుంచె నీళ్ళు విదిలించి, "పాల వ్యాన్‌లో" అన్నాడు.

కనుమ మీద డెయిరీ ఉంది. మధ్యాహ్నం వ్యాన్ తారురోడ్డు చుట్టి కిందికొస్తుంది. రంగు డబ్బాలు మోసుకుంటూ ఎక్కినవాడు అందులో కూలబడి హాయిగా నిద్రపోతూ దిగాడన్నమాట. మూల బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసు ఇన్‌ఛార్జ్‌గారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

మర్నాడు పెయింటర్ ఒక్కడే కొండెక్కి, పట్టుదలగా నడిచే దిగాడు. రెండింటికి రావాల్సిన మనిషి అయిదున్నరకు వచ్చాడు. ప్యాంటు మోకాలి కింద చిరిగి ఉంది.

"కుక్క బాగుందా?" అని అడిగింది కథలమ్మాయి, మ్యాపులు మడతపెడుతూ.

"మిమ్మల్ని అడిగిందండి."

నవ్వకూడదనే అనుకుంది. అయినా నవ్వింది.

ఇన్‌ఛార్జ్‌గారు తీర్పు చెప్పారు. దిగేవాళ్ళ కోసం తెల్ల గుర్తులు వెయ్యాలి. ఎలాగూ కథలున్న చోటల్లా బోర్డులు పాతాలి కాబట్టి కథలమ్మాయి కూడా వెళ్ళాలి. అలా నెల రోజులు ఇద్దరూ కలిసి ఎక్కారు, కలిసి దిగారు. అతనిప్పుడు ఎక్కేటప్పుడు కుంచె ముట్టడు. పైకెళ్ళి, వెనక్కి తిరిగి, ఆ దారికి కొత్తవాడిలా చూసుకుంటూ దిగుతాడు. కాలు తడబడ్డ చోట ఆగుతాడు.

"అనుమానం వచ్చిన చోటే గుర్తు పెట్టాలండి. ఇన్నాళ్ళూ నాకు అనుమానమే రాలేదు, అదీ నా తప్పు" అన్నాడొకసారి.

తప్పును ఇంత తేలిగ్గా ఒప్పుకునే మగవాణ్ణి ఆమె అంతకు ముందు చూడలేదు.

ఆమె కథ చెప్పడం, అతను అడ్డుపుల్ల వెయ్యడం. రెండో మలుపు దగ్గర బండ మీద ఆరడుగుల పొడవున ఎడమ పాదం గుర్తుంది. రాక్షసుడి అడుగు.

"ఒక్కటేనా? ఒంటికాలి రాక్షసుడా?"

"రెండోది పక్క లోయలో ఉంది. అంత పెద్ద అంగ వేశాడు."

"మీరు చూశారా?"

"అమ్మమ్మ చెప్పింది."

"అమ్మమ్మగారు చూశారా?"

"అడిగే ధైర్యముంటే ఇంటికొచ్చి అడగండి" అని నోరు జారింది.

ఆ ఆదివారమే, ఆమె ఆఫీసులో వదిలేసిన విరిగిన గొడుగు బాగుచేయించి తెచ్చానన్న వంకతో అతను ఇంటికి వచ్చేశాడు. అమ్మమ్మకు లోకంలో అన్నిటికీ దిగులే. వరండాలో కూర్చోబెట్టి గంటసేపు ఆరా తీసింది. ఇంట్లో ఎవరెవరున్నారు, తడి బట్టలతో తిరిగితే ఎలా, ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి, కుక్క కరిచిందా గీరిందా. రాక్షసుడి సంగతి అడిగే సందు అతనికి దొరకనే లేదు. చివరికి టీ ఇచ్చి, ఏటి సందులోకి తెరుచుకునే పెరటి గేటు తుప్పు పట్టిపోయింది, రంగు మిగిలితే కాస్త పూస్తావా బాబూ అంది. వానాకాలమంతా ఆ గేటు బోల్టు వేసే ఉంటుంది. ఏరు పొంగుతుందని అమ్మమ్మ భయం.

వాళ్ళ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కథలమ్మాయి నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అమ్మానాన్నలు ఉద్యోగాలకని కనుమ దాటి వెళ్ళారు. సెలవులకు వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతిసారీ వెళ్ళడానికే వచ్చినట్టుండేది. బస్సు టైముకు ఆ పిల్ల ఎక్కడో ఓ మూల నక్కేది. ఇప్పటికీ ఎవరైనా ప్రయాణమవుతుంటే ఆమెకు సరిగ్గా అప్పుడే ఏదో పని గుర్తొస్తుంది.

మూడో వారంలో జలపాతం దగ్గర బోర్డు పాతారు. ఆ కథ ఆమె ఎన్ని వందలసార్లు చెప్పిందో. గొర్రెలు కాసే కుర్రాడు మేత కోసం కనుమ దాటి వెళ్ళాడు. దారి మరిచిపోకూడదని, అతన్ని ప్రేమించిన పిల్ల వెంట నడుస్తూ కనుమ దాకా రాళ్ళకు సున్నం పూసింది. అతను తిరిగి రాలేదు. ఆమె ఏడ్చి ఏడ్చి జలపాతమైంది.

పెయింటర్ నీళ్ళకేసి చూస్తూ నిలబడి, "ఆవిడ సున్నం రాళ్ళకి ఎటువైపు పూసింది?" అని అడిగాడు.

"ఎటువైపంటే?"

"అతని వెంటే ఎక్కుతూ పూసింది కదా. అయితే అన్నీ వెళ్ళేవాడికే కనిపించుంటాయి. పాపం, అతను మోసగాడేం కాదండి. రావాలనే ఉండుంటుంది. దారి తెలియక ఏ కంచె దగ్గరో నిలబడి ఉంటాడు. కుక్క కూడా కరిచుంటుంది."

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగిపోయాక మాత్రం ఆ మాట ఆమెను వదల్లేదు. ఇన్నేళ్ళూ వెళ్ళినవాళ్ళందరూ మరిచిపోయారనే అనుకుంది. తిరిగొచ్చే గుర్తులున్నాయా అని ఇలా ఒకరైనా అడిగారా? ఆ రోజు బోర్డు మీద ఆఖరి వాక్యం రాయకుండా ఖాళీ వదిలేసింది.

నెలాఖరుకు తెల్ల బాణాలు వంతెన దాకా వచ్చేశాయి. దారి ముగిసిన చోట సున్నా గీసి అందులో చుక్క పెట్టాలని, అది వాళ్ళ పనిలో నియమమని అంతకు ముందు అతనే చెప్పాడు. వంతెన స్తంభం మీద మాత్రం బాణమే వేశాడు.

"చుక్క ఏది?"

"ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదండి."

రంగు అయిపోయుంటుందనుకుంది. అప్పుడే చెప్పాడు, ఎల్లుండి పక్క లోయకు వెళ్ళాలని, అక్కడ రెండు నెలల పని ఉందని, ఫోన్ సిగ్నల్ కూడా అందదని. కుంచె మొన వేళ్ళతో సరిచేసుకుంటూ అడిగాడు.

"కనుమ దాకా వస్తారా, నన్ను సాగనంపడానికి?"

ఆమె రంగు డబ్బా మూత గట్టిగా నొక్కింది. "ఆఫీసులో పనుంటుంది" అంది.

బయల్దేరే రోజు పొద్దున అతను సంచీ భుజాన వేసుకుని ఆఫీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కథలమ్మాయి స్టోర్ రూములో తలుపేసుకుని, ఎవరికీ అక్కర్లేని వంకర మేకులన్నీ ఏరి డబ్బాలో వేస్తూ కూర్చుంది. అతని అడుగుల చప్పుడు దూరమయ్యే దాకా ఏరింది.

ఆ తరవాత ఆమె వంతెన వైపు వెళ్ళడం మానేసింది. కథలన్నీ ఆఫీసులోనే చెప్పి పంపేది. వీధిలో మనుషులు మాత్రం వింతగా తయారయ్యారు. టైలర్ ఆమెను చూసి మిషన్ ఆపి నవ్వుతాడు. పోస్టాఫీసు ఆవిడ కుశలం అడిగి కన్ను గీటుతుంది. తన మొహం మీదేమైనా రాసుందా అని ఒకరోజు అద్దం కూడా చూసుకుంది.

ఇరవయ్యో రోజున కొండ దిగి వచ్చిన భార్యాభర్తలు మ్యాపు తిరిగివ్వడానికి ఆఫీసుకు వచ్చారు. గుర్తులు అద్భుతంగా ఉన్నాయని మెచ్చుకుని, ఒక్కటే అర్థం కాలేదన్నారు. వంతెన దాటాక కూడా తెల్ల బాణాలున్నాయి. పట్టుకుని వెళ్తే ఎవరింటిదో పెరటి గేటు వచ్చింది. ఒక పెద్దావిడ గేటు తీసి, వానలో ఏం తిరుగుళ్ళని కేకలేసి, టీ ఇచ్చి బస్టాండుకు దారి చెప్పిందట.

"మాకు ముందొచ్చిన వాళ్ళకి కూడా ఇచ్చిందట" అంది ఆ భార్య.

కథలమ్మాయి చేతిలో ఉన్న మ్యాపులు బల్ల మీద వదిలేసి బయటికి నడిచింది. వంతెన మీదికి వెళ్ళి, కొండకు వీపు పెట్టి, కొత్తదానిలా నిలబడింది. కనిపించాయి. కరెంటు స్తంభం మీద ఒకటి. పోస్టాఫీసు గోడ మూల మీద ఒకటి. టైలర్ కొట్టు మెట్టు మీద ఒకటి. ఆపైన ఏటి సందు. ఆ సందులోంచి రాకపోతే కనిపించని వైపున, వాళ్ళ పెరటి గేటు స్తంభం మీద, సున్నా, సున్నాలో చుక్క.

గేటు బోల్టు తీసే ఉంది. అమ్మమ్మ కప్పులు కడుగుతోంది.

"ఇది ఎప్పుడు వేశాడు అమ్మమ్మా?"

"వెళ్ళే ముందురోజు. నన్నడిగే వేశాడులే. ఆ టైలర్నీ, పోస్టాఫీసు వాళ్ళనీ కూడా అడిగాడట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నడిచొచ్చి నువ్వే చూడాలన్నాడు. నువ్వేమో ఆ దారే మానేశావు. కొండ దిగినవాళ్ళంతా వచ్చి గేటు కొడుతున్నారు, రావాల్సినదానివి నువ్వు రావు. టీ కాచలేక చస్తున్నాను."

కథలమ్మాయి గడప మీద కూలబడింది. అమ్మమ్మ తడి చెయ్యి తుడుచుకుని ఆమె తల మీద పెట్టింది.

"మీ అమ్మ బయల్దేరినప్పుడల్లా నక్కి కూర్చునేదానివి. చిన్నపిల్లవని ఊరుకున్నాను. ఇప్పుడు కూడా నక్కితే, అవతలివాడికి ఏం తెలుస్తుందే? వాడికి నువ్వేం గుర్తు పెట్టావు?"

మర్నాడు మబ్బు విడిచింది. బాగైన గొడుగు చంకలో పెట్టుకుని ఆమె పసుపు బాణాల వెంట ఎక్కింది. కనుమ మీద ఆగకుండా, అవతలి వైపు నాలుగడుగులు వేసింది. కింద, మొదటి మలుపులో, ఒక మనిషి ఆమెకు వీపు పెట్టి, కుంచె పట్టుకుని, ఆ దారికి కొత్తవాడిలా తల అటూ ఇటూ తిప్పుకుంటూ దిగుతున్నాడు. రాయి దగ్గర ఆగి బాణం గీశాడు.

"కొంచెం ఎడమకి" అంది.

అతను తిరిగి చూశాడు. కుంచె చేతిలోంచి జారి, షూ మీద తెల్లగా ఒక గీత గీసి పడింది.

"సాగనంపడానికి రానన్నారుగా" అన్నాడు, కుంచె వంగి తీసుకుంటూ.

"సాగనంపడం నాకు చేతకాదు. ఎదురు రావడం చేతనవుతుందేమో చూద్దామని వచ్చాను."

ఆమె ఇంకో రెండడుగులు దిగింది.

"చుక్క చూశాను."

"సరైన చోటే పెట్టానా?"

"అక్కడే పెట్టాలి. నువ్వంటే నాకు ఇష్టం. ఆ రోజే చెప్పాల్సింది, మేకులు ఏరుతూ కూర్చున్నాను."

'మీరు' కాస్తా 'నువ్వు'గా మారిన సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాకు ఆ గొడుగుతో లోపలికి వచ్చిన రోజు నుంచే ఇష్టం" అన్నాడు. "చెబితే దాంతోనే కొడతావని భయపడ్డాను."

కాసేపటికి మళ్ళీ అతనే అన్నాడు, రాక్షసుడి రెండో అడుగు దొరికిందని. ఏటి ఒడ్డున బండ మీద ఉంది, ఆరడుగులు, తనే కొలిచాడు. ఆమె నమ్మలేదు. ఒట్టేశాడు.

"కానీ ఒక చిక్కొచ్చింది. అదీ ఎడమ కాలే."

"అయితే కుడికాలు?"

"ఇద్దరం వెతికితే తొందరగా దొరుకుతుంది."

ఆ పూటకు పని ఆపి అతనామె వెంట కనుమ దాటి ఇటువైపు దిగాడు. జలపాతం దగ్గర బోర్డు ముందు ఆమె చెయ్యి చాచింది, అతను కుంచె ఇచ్చాడు. ఖాళీగా ఉన్న చోట ఆమె రాసింది: "అతను దారిలోనే ఉన్నాడు." అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. సరిచెయ్యనా అని అతను అడిగితే వద్దంది.

తెల్ల బాణాలు పట్టుకుని వంతెన దాటి, స్తంభం, గోడ, మెట్టు, సందు. టైలర్ మిషన్ ఆపి లేచి నిలబడ్డాడు. గేటు తోసిన చప్పుడుకు వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"ఇవాళ ఎంతమంది?"

"ఇద్దరమే అమ్మమ్మా."

అమ్మమ్మ బయటికి వచ్చింది. ఇద్దర్నీ చూసింది, వాళ్ళ చేతుల్ని చూసింది, అతని షూ మీద రంగును కూడా చూసింది. రేపు మళ్ళీ పనిలోకి వెళ్ళాలా అని మొదట అదే అడిగింది. వెళ్ళాలని అతను తల ఊపాడు.

"కనుమ దాకా నేను వెళ్ళి సాగనంపుతాను" అంది కథలమ్మాయి.

అమ్మమ్మ మనవరాలి మొహంలోకి ఒక్క క్షణం చూసి, కళ్ళు తిప్పుకుంది. తరవాత గేటు స్తంభం వైపు చెయ్యి చూపించింది.

"ముందు ఆ చుక్క చెరిపెయ్యి బాబూ. లోకంలో జనమంతా ఇక్కడికే వస్తున్నారు."

"చెరిపితే నేనెలా రావాలి అమ్మమ్మగారూ?"

"నీకింకా గుర్తులు కావాలా" అంటూ అమ్మమ్మ మూడు కప్పులు పెట్టడానికి లోపలికి వెళ్ళింది. బయట ఏరు హోరుమంటున్నా, గేటు బోల్టు మాత్రం వెయ్యలేదు.