ఊగని దీపం

"మీ బావని అరెస్టు చెయ్యాలి," అన్నాడు చీఫ్. గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు.

మేకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. ఒకసారి దిగితే ఓ పట్టాన ఊడి రాడని ఆ పేరు పెట్టారు.

టేబుల్ మీద ఒక ఫొటో ఉంది. నిన్న సాయంత్రం బస్టాపులో విదేశీ ముఠా కాల్చి చంపిన మన సీక్రెట్ ఏజెంట్‌ది. అతని మేజోడులో చీటీ దొరికింది. 'ఆరు పెట్టెల్లో ఒకటి. మూడో పాట.'

"ఏం పెట్టెలు?"

"గిటార్ పెడల్స్. అరచేయంత ఉంటాయి. గిటారిస్టు కాలితో నొక్కితే చిన్న ఎల్ఈడీ దీపం వెలుగుతుంది, గిటార్ సౌండ్ మారుతుంది. పదకొండింటికి సైన్స్ భవనంలో కచేరీ. ముందు వరసలో మన మిస్సైల్ సైంటిస్టు. మూడో పాటలో గిటారిస్టు ఆ పెట్టె నొక్కాడా, హాలు ఉండదు. ఆరూ మీ బావ షెడ్డులో తయారైనవే."

"కచేరీ ఆపేద్దాం సార్."

"ఆపిన మరుక్షణం దూరం నుంచే పేలుస్తారు. రిమోట్ ఎవడి దగ్గరుందో తెలీదు. గాయని మన మనిషే, లోపలుంది. కోడ్ వర్డ్ 'శ్రుతి కుదిరిందా'. నువ్వు లైట్‌మన్ వేషంలో వెళ్లు. ముందు మీ బావ నోరు విప్పించు. తేలకపోతే పన్నెండింటికి మీ అక్క గుమ్మంలో పోలీసు వ్యాన్ ఉంటుంది."

అంత తాపీగా మాట్లాడే మనిషిని ఎత్తి కిటికీలోంచి పడేయాలనిపించింది మేకుకి.

ఇంటిని ఆనుకున్న బావ షెడ్డులో జిగురు కాలిన వాసన. మూడేళ్ల క్రితం పదిమందిలో, 'బావ చేసే పెట్టెల్లో దీపాలకి వణుకుడు రోగం' అని మేకు నవ్వాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏరా, ఇప్పుడేం వెక్కిరిద్దామని వచ్చావ్?" అన్నాడు బావ, తలెత్తకుండానే.

"నీ పెట్టెల్లో బాంబు పెట్టారంటున్నారు."

"నేను పెట్టానంటున్నారా?"

బావ చేతిలోని, జిగురు కరిగించి పోసే గ్లూ గన్ బల్ల మీద విసిరాడు. వంటింటి గుమ్మంలోంచి అక్క గొంతు ఖంగుమంది.

"వాడికి జవాబు చెప్పకండి! ఒరేయ్, ఆయన్ని తీసుకెళ్లావో, నాకు తమ్ముడు లేడనుకుంటా. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కకు."

తల్లి పోయాక మేకుని పెంచింది ఆ అక్కే. కాల్పులకి భయపడనివాడు ఆ మాటకి భయపడ్డాడు.

"ఎవరో ఒక పెట్టె మార్చారు బావా. నీదేదో, నీది కానిదేదో గుర్తుపట్టడం ఎలా?"

బావ ఒక పెట్టె తీసి కసిగా ముందుకు తోశాడు. మూత మీద మెరిసే లోహపు రింగు, అందులో బుల్లి ఎల్ఈడీ. "దీపం మీద వేలు పెట్టి నొక్కు."

మేకు బొటనవేలితో నొక్కాడు. దీపం పాలపన్నులా ఊగింది.

"నా దీపాలు మూడు మిల్లీమీటర్లవి. రింగులు ఐదు మిల్లీమీటర్లవి. చూసుకోకుండా వెయ్యి రింగులు కొన్నాను, పారేయబుద్ధి కాలేదు. లోపల్నుంచి జిగురు పోసి నిలబెడతాను. ఊగుతాయి, ఊడవు. నా పెట్టెల్లో బ్యాటరీ కూడా ఉండదు, అన్నీ కరెంటు తీగ మీద నడిచేవే. బ్యాటరీకి చోటే లేదు, మార్చినవాడు కూడా పెట్టలేడు. చాలా? ఇక దయచెయ్."

పదకొండింటికి మేకు స్టేజి పక్కన పెట్టుడు మీసాలతో, భుజాన వైర్ల చుట్టతో నిలబడ్డాడు. నల్ల సిల్కు గౌనులో గాయని పక్కకొచ్చింది. ఆమె నవ్వితే ముందు వరస మొత్తం గడియారం చూడటం మరిచిపోయేది.

"శ్రుతి కుదిరిందా?" అన్నాడు.

"కుదిరింది. ఎర్ర పెట్టె. మూడోది ఉత్త గిటారే, దానికి ముందు డ్రెస్ మార్చుకోడానికి వెళ్తాను. ఈలోగా దాని తీగ పీకెయ్. మిగతావి ముట్టుకోకు, అనుమానమొస్తుంది."

రెండో పాట అయిపోయింది. చప్పట్ల మధ్య గాయని పక్క తలుపు వైపు నడిచింది. మేకు నేల మీద పాకుతూ వెళ్లి ఎర్ర పెట్టె తీగ పీకాడు. చెయ్యి ఊరుకోక బొటనవేలితో దీపం నొక్కాడు.

ఊగింది.

ఎర్రది బావ చేసిందే. గాయని అబద్ధమాడింది. బస్టాపులో చచ్చినవాడి ఆచూకీ ముఠాకి చెప్పింది కూడా ఆమేనన్నమాట!

మూడో పాట మొదలైంది. పసుపు పెట్టె, ఊగింది. తెల్లది, ఊగింది. "ఏయ్, తప్పుకో!" అని గిటారిస్టు పళ్లు నూరుతూ మేకు పక్కటెముకల్లో ఒక్కటి తన్నాడు. నీలం, ఊగింది. నలుపు, ఊగింది.

ఆకుపచ్చది కదల్లేదు. రింగుకి సరిగ్గా సరిపోయిన దీపం గట్టిగా బిగిసి ఉంది. అప్పటికే గిటారిస్టు బూటు దాని మీదికి దిగుతోంది.

మేకు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్లు పటపటమన్నాయి. కుడి చేత్తో తీగ పీకేశాడు.

తెరిచిన పక్క తలుపు అవతల గాయని ఆగింది. ఇంకా పేలలేదు. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి దాని అడుగు నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది.

"రిమోట్ ఆమె దగ్గరుంది!" అని అరిచాడు మేకు. చీఫ్ మనుషులు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఎలా కనిపెట్టావ్?" అంది ఆమె, కళ్లతోనే కాల్చేసేలా.

"మీవాళ్లు పని మరీ శుభ్రంగా చేశారు మేడమ్."

మధ్యాహ్నం మేకు కట్టుకట్టిన చేత్తో షెడ్డుకి వెళ్లాడు. వ్యాన్ వెనక్కి వెళ్లిపోయింది. అక్క తలుపు తీసింది. పలకరించలేదు గానీ, అతని చెయ్యి చూసి కళ్లు తుడుచుకుంది. తలుపు వెయ్యలేదు.

మందుగుండు తీసేసి మేకు తెచ్చిన ఆకుపచ్చ పెట్టెను బావ చాలాసేపు తిప్పి చూశాడు. బొటనవేలితో దీపం నొక్కాడు. అది కదలకపోయేసరికి ఒళ్లు మండింది.

"బావా, ఇకనైనా రింగుకి తగ్గ దీపాలు కొను."

"ఇంకా నాలుగొందల రింగులున్నాయి," అన్నాడు బావ, గ్లూ గన్ అందుకుంటూ. "అవి అయ్యాక చూద్దాం."