పన్నెండు కుర్చీలు, రెండు నిమ్మకాయలు

ఆదివారం ఉదయం 7.40. యూనివర్సిటీ సెమినార్ హాలు వెనక స్టోర్‌రూమ్ ఖాళీగా ఉంది.

పన్నెండు వీల్‌చైర్లు మాయం.

తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవి ఉన్నది హాలు ఊడ్చే అమృతమ్మ దగ్గర.

ఎస్సై భూమిక వచ్చేసరికే అందరూ తీర్పు చెప్పేశారు. పారిశుద్ధ్య కాంట్రాక్టర్ కుమార్ అమృతమ్మ మెడలోని ఐడీ కార్డు లాగేసుకున్నాడు. పదకొండేళ్ల ఉద్యోగం. దొంగతనం కేసు పడితే ఇక ఏ గేటూ ఆమెను లోపలికి రానివ్వదు.

గుమ్మం మీద ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. 'సర్వమత సేవా సంగమం'. నిన్న ఇక్కడే పన్నెండు మంది వికలాంగులకు వీల్‌చైర్లు పంచారు. ముగ్గురు మతపెద్దల ఫొటోలు తపాలా బిళ్లలంత. అధ్యక్షుడు సుబ్బరాయుడి ఫొటో తలుపంత. ఇలాంటి మొహాలను భూమిక తార్నాక చౌరస్తాలో నెలకొకటి చూస్తూనే ఉంది. చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతుంది.

"పుణ్యకార్యం చేస్తే ఇదండీ ఫలితం." సుబ్బరాయుడు కండువా సర్దుకున్నాడు. "ఇలాంటి వాళ్లని నమ్మకూడదండీ."

"తాళంచెవి ఈమెకు ఎప్పుడిచ్చినరు?" భూమిక అడిగింది.

"రాత్రి ఎనిమిదింటికి. కుర్చీలు లోపల పెట్టించి నేనే తాళం వేశాను."

"పంచినంక మళ్ల లోపలెందుకు పెట్టినరు?"

"ఇవాళ వ్యాన్‌లో ఇళ్లకు చేరుద్దామని. నిన్న ఫొటోలు మాత్రమేనండీ."

"ఫొటోలెక్కడ దిగినరు?"

"పక్కగదిలో. నాలుగు నుంచి ఆరు దాకా హాల్లో పెద్దల ప్రసంగాలు. ఆ టైంలో ఒక్కొక్కరినే పిలిచి, ఎవరి కుర్చీలో వాళ్లను కూర్చోబెట్టాను. అంతకుముందు పన్నెండింటికీ స్వయంగా పూజ చేశాను. ఒక్కోదాని చక్రాల కింద రెండేసి నిమ్మకాయలు పెట్టి తొక్కించానండీ. కొత్త బండ్లు కదా!"

గొప్పలు చెప్పుకునేవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. భూమిక ఆపలేదు. రాసుకుంది.

8.50కి గేటు సీసీటీవీ చూసింది. రాత్రి 8.12కి సుబ్బరాయుడి కారు బయటికి వెళ్లింది. 9.05కి అమృతమ్మ నడిచి వెళ్లింది, చేతిలో టిఫిన్ బాక్సు. తెల్లారేదాకా పన్నెండు కుర్చీలు పట్టే బండి ఒక్కటీ కదల్లేదు.

టిఫిన్ బాక్సులో పన్నెండు వీల్‌చైర్లు! కుమార్ లాంటివాళ్లు దాన్నీ నమ్ముతారు.

అమృతమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

"అమ్మా, పక్కగది నువ్వే ఊడ్చినవా?"

"నేను గాక ఇంకెవరూడుస్తరు మేడం?"

"ఏమేం ఎత్తినవ్?"

"పూలు, చాయ్ కప్పులు, రెండు నిమ్మకాయలు."

"రెండేనా?"

"రెండే. చెత్త గాడనే ఉన్నది. ఐతారం చెత్తబండి రాదు."

భూమిక చెత్త సంచీ తెరిచి చూసింది. మూతి కట్టి తనతో తీసుకెళ్లింది. తర్వాత ఫొటోలు దిగినవాళ్ల జాబితాలో ఏడో పేరు, రాజలింగుకు ఫోన్ చేసింది. తార్నాకలో ఒక మెడికల్ షాపుకు కూడా వెళ్లొచ్చింది.

11.30. అదే హాలు. ముగ్గురు మతపెద్దలు, సుబ్బరాయుడు, కుమార్ ముందు వరసలో ఉన్నారు. గోడవారగా అమృతమ్మ నిలబడింది. మల్కాజ్‌గిరి నుంచి రాజలింగు వచ్చాడు. కాళ్లు పడిపోయిన మనిషి. కూతురు సింధూజ వీపున మోసుకొచ్చింది.

భూమిక పేపరు పరిచి చెత్త కుమ్మరించింది. చితికిన నిమ్మకాయలు రెండు.

"పన్నెండు బండ్లకు ఇరవై నాలుగు గావాలె. తక్కినయి ఏవి సార్?"

"ఎవరో... ఎత్తేసి ఉంటారండీ."

"తొక్కించిన నిమ్మకాయను ఎవరు ముట్టుకుంటరు? దాటనీకే భయపడతరు. ఊడ్చేటామె తప్ప."

భూమిక రాజలింగు వైపు తిరిగింది.

"పెద్దాయనా, నిన్న కుర్చీ ఎట్లుండె?"

"మంచిగనే ఉండె బిడ్డా," అన్నాడు రాజలింగు. "కొత్తదన్నరు. నా కాళ్లకు స్పర్శ లేదు గని, సీటు మీద చెయ్యి ఆనిస్తె ఎచ్చగుండె. అప్పుడే ఎవరో కూసొని లేచినట్టు."



"ఉన్నదొక్కటే కుర్చీ," అంది భూమిక. "పన్నెండు మందిని అదే కుర్చీల కూసోబెట్టినరు. తార్నాకల కిరాయికి తెచ్చి, 8.12కు డిక్కీల పెట్టుకొని, 8.25కు షాపుల వాపస్ ఇచ్చినరు. రసీదు నా దగ్గరున్నది. చక్రానికి నిమ్మతొక్క ఇంకా అంటుకొనే ఉన్నది. దాతలిచ్చిన పైసలు మింగి, నింద ఈమె మీదికి నెట్టినరు. తూ! బతుకు!"

మతపెద్దల్లో ఒకాయన తల దించుకున్నాడు. "మేం రెండు గంటలు దయ గురించి మాట్లాడాం."

"అవును సార్. పక్కగది తలుపొక్కటి తెరవలే."

కుమార్ ఐడీ కార్డును బల్ల మీద పెట్టబోయాడు. భూమిక చూసిన చూపుకు లేచి వెళ్లి, అమృతమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి మెడలో వేసుకుంది.

"మేడం," సుబ్బరాయుడు గొంతు తగ్గించాడు. "వెనక దారిన తీసుకెళ్లండి. ముందు ప్రెస్ వాళ్లున్నారు."

"అదేంది సార్? ఫొటోలంటే మీకు పానం గద!"

ముందు గుమ్మంలోంచే నడిపించింది, ఆయన ఫ్లెక్సీ కిందనుంచే. కెమెరాలన్నీ ఆయన వెంట పరుగెత్తాయి.

సింధూజ తండ్రిని మళ్లీ వీపుకెత్తుకుంది. అమృతమ్మ చీపురు పక్కన పెట్టి, మెట్లు దిగేదాకా వేలాడే ఆయన కాళ్లకు చేతులు ఆసరా పెట్టింది.

దాన్ని ఎవరూ ఫొటో తియ్యలేదు.