నలభై మూడేండ్ల వానలు

అట్ల గాదు మనవరాలా, గొడవ కాడి నుంచి మొదలు పెడితే ఎవురికీ అర్థం కాదు. ఉగ్గాని కాడి నుంచి రాసుకో. నేను మెల్లగానే చెప్తా, నువ్వూ మెల్లగానే రాయి.

ఆ పొద్దు మా పక్కిల్లు గంగాధరప్ప ఇంట్లో భద్రమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, బజ్జీలు ఏస్తా ఉండాది. తినేవాళ్ళు లేరు. కొడుకు ప్రవీణ్ అరుగు పక్క రూములో కంప్యూటర్ కాడ తల పట్టుకోని కూర్చున్నాడు. కోడలు ఇంద్రాణి ఎనక నిలబడుకోని ఉండాది. పెండ్లిపత్రిక ఒకటి సగం అచ్చయి ఆగిపోయినాది. పెండ్లికూతురు పేరు వచ్చినాది, పెండ్లికొడుకు పేరు రాలేదు. పత్రిక కోసం వచ్చినాయప్ప అరుగు మీద కూర్చోని, మా అల్లుడు దావలో యాడన్నా ఇరుక్కున్నాడేమో చూడప్పా అని ఎగతాళి చేస్తాండాడు.

అది రెండువేల మూడో సంవత్సరం. గార్లదిన్నె పక్క మన పల్లెలో కంప్యూటర్ ఉన్న ఇల్లు అదొకటే. అర్జీలు, పత్రికలు, బడి పిల్లోళ్ళ కాగితాలు, ఏది కావల్సినా ఆ ఇంటికే వచ్చేది. మొగుడూ పెండ్లాం దాని మీదనే బతికేది. చేను ఉన్నా చేనిని నమ్ముకునే కాలమా అది. వరసగా రెండేండ్లు శెనక్కాయ పైరు పూతలోనే ఎండిపోయి ఉండాది.

కంప్యూటర్ అంటే బయట కనపడే పెట్టె ఒకటే గాదు. దాన్ని లోపల నుంచి నడిపించేది ఇంగొకటి ఉంటాది, దాన్ని విండోస్ అంటారు. ఆ ఇంట్లో ఉన్నది పాత విండోస్. ప్రవీణ్ కొత్తగా తెచ్చిన ప్రింటర్‌కూ దానికీ పొసగలేదు. అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ వలి కొత్త విండోస్ సీడీ చేతికిచ్చి, ఏసే పద్ధతులు రెండు ఉండాయని చెప్పి పంపినాడు. పాతదాని మీదనే కొత్తది ఏసుకోవచ్చు. అప్పుడు అన్నీ ఉన్నట్లే ఉంటాయి, లోపలి చెత్త కూడా ఉంటాది. లేదంటే లోపలంతా తుడిచేసి ఏసుకోవచ్చు. అప్పుడు పెట్టె బిరీన నడుస్తాది, కాకపోతే అంతకు ముందు రాసింది ఏదీ మిగలదు. కావల్సినవి ముందే ఫ్లాపీలనే చిన్న బిళ్ళల్లోకి ఎత్తి పెట్టుకోవల్ల.

తుడిచే ఏస్తానన్నాడు ప్రవీణ్. అసలు ముట్టుకోవద్దన్నాది ఇంద్రాణి. వారం దినాలుగా ఆ ఇంట్లో ఇదే మాట.

ఆయమ్మ భయం వానల గురించి.

గంగాధరప్పకు అచ్చరం రాదు, ఏలిముద్రే. కానీ మన తావ వాన తేదీల్లో రాదు గదా, కార్తెల్లో వస్తాది. తనకు పద్దెనిమిదేండ్లు వచ్చినప్పటి నుంచి ఏ ఏడు ఏ కార్తెలో ఎన్ని వానలు పడినాయో, ఏ వానకు జానెడు తడి దిగిందో, ఏది దుమ్ము అణిచి పోయిందో, అన్నీ ఆయప్ప తల్లోనే ఉండేవి. ఇత్తనం ఏసే ముందర చుట్టుపక్కల రైతులు ఆ అరుగు కాడికొచ్చి అడిగి పోయేవాళ్ళు. ఇంద్రాణి కోడలుగా వచ్చినంక, అవన్నీ చెప్పు మామా, నేను కంప్యూటర్‌లో కొడతానన్నాది. దినామూ మధ్యాన్నం సంగటి తినినాక ఆయప్ప పక్కన గోనెపట్ట ఏసుకోని కూర్చోని చెప్పేవాడు, ఆయమ్మ తెలుగులో కొట్టేది. ఆయప్పకు చదవను రాదు గాని, తన మాట తెర మీద గీత మాదిరి సాగిపోతాంటే చూస్తానే ఉండేవాడు. ఇంత పొడుగు చెప్పినానా అని నగేవాడు. రెండు ఎండాకాలాలు పట్టినాది, నలభై మూడేండ్ల వానలు.

అవి ముగిసిన మరుసటేడు ఆయప్పకు పక్షవాతం తగిలినాది. కాలూ చేయీ సర్దుకున్నాయి. మాట మాత్రం ఆగి ఆగి వచ్చేది. వానల వరస పోయినాది. ఎవురన్నా వచ్చి స్వాతి వాన ఏ ఏడు పడిందన్నా అని అడిగితే, ఆకాశం వైపు చూసి ఊరికే నగేవాడు. రానురాను అడిగేవాళ్ళు తగ్గిపోయినారు. ఇంట్లో ఎవురూ ఆ సంగతి పైకి అనలేదు. ఆయప్పకు తెలుసునో లేదో కూడా ఎవురికీ తెలియదు.

ఆ పొద్దు పత్రికాయప్ప లేసి పోయినంక ప్రవీణ్‌కు రేగినాది. నాయన చెప్పిన ముచ్చట్ల కోసం నా పని ఆపుకోవల్లనా అన్నాడు. అంతగా కావల్లంటే మళ్ళా చెప్పించుకో, మళ్ళా కొట్టుకో, ఇంట్లోనే ఉండాడు గదా అన్నాడు.

ఇంద్రాణికి ఓపిక అయిపోయినాది.

"మళ్ళా యాడ నుంచి చెప్తాడు? మామ తల్లో అవి ఇంగ లేవు. మిగిలి ఉంటే ఈ పెట్టెలోనే ఉండాయి."

అని తల తిప్పి చూస్తే గడపలో గంగాధరప్ప ఉగ్గాని తట్ట పట్టుకోని నిలబడి ఉండాడు.

వంటింట్లో నూనెలో బజ్జీ మాడిన వాసన వస్తాండాది. భద్రమ్మ చిల్లుల గరిటె చేతిలో పట్టుకోని ఆడనే నిలబడిపోయినాది. ఇంద్రాణి గోనెపట్ట తీసి నేల మీద పరిచినాది. గంగాధరప్ప మెల్లగా వచ్చి గోనెపట్ట మీద కూర్చున్నాడు. తట్ట కింద పెట్టినాడు. ఆయప్పకు ఎప్పుడో తెలుసు ఆ సంగతి. రాత్రీ పగలూ లోపల ఎతుక్కున్నాడు. బాయిలో పడిన బిందె కోసం పాతాళగరిక ఏసి ఎతికినట్ల ఎతుక్కున్నాడు, ఏదీ తగల్లేదు. ఇప్పుడు ఇంగొకరి నోట ఇన్నాక రోంత తేలికైనట్లే అనిపించినాదంట.

"మార్చండప్పా," అన్నాడు.

ప్రవీణ్ ప్రింటర్‌లో ఇరుక్కున్న పత్రికను బయటికి లాగుతా ఉండాడు.

"పాత దుబ్బులు… ఏరకుండా… ఎవురన్నా దున్నుతారా. తుడిచే ఏయండి. ఇత్తనం… ముందు… పక్కన పెట్టుకోండి."

అంతే. వారం దినాల గొడవ ఆ నాలుగు మాటలతో తెగిపోయినాది. ఇంద్రాణి కొంగు నోటికడ్డం పెట్టుకోని లోపలికి పోయినాది.

ప్రవీణ్ రెండు ఫ్లాపీలు తీసినాడు. ఒకదాంట్లో వానలు ఎక్కించినాడు. రెండోదాంట్లో తెలుగు అచ్చరాలు ఎక్కించినాడు, యాలంటే మస్తాన్ వలి రెండూ ఎత్తుకోమని గట్టిగా చెప్పినాడు. అట్ల యాలనో ప్రవీణ్ అడగలేదు, బస్సు వస్తాండాదని వచ్చేసినాడు. రెండింటినీ పాడు కాకుండా దేవుని గూట్లో పెట్టినాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండాది. ఇత్తనాలకని శెనక్కాయలు ఎత్తి పెట్టేటప్పుడు భద్రమ్మ కుంకుమ పెట్టకుండా లోపల పెట్టదు. గోతం మీద పెడితే కుంకుమ గోతానికే పోతాది, ఇత్తనానికి తగలల్ల అంటాది. అందుకే గోతం మూతి ఇప్పి, ఏలు లోపలికి పెట్టి, పైన ఉన్న కాయలకే పెడతాది. మొగుడు ఆ పొద్దు ఫ్లాపీలను ఇత్తనం అన్నాడు గదా. ఆయమ్మ గూటి కాడికి పోయి, ఒక ఫ్లాపీ తీసుకోని, దాని ఇనుప రేకు పక్కకు జరిపి, లోపల నల్లగా కనపడిన బిళ్ళ మీద నిండుగా కుంకుమ పెట్టి, కండ్లకద్దుకోని మళ్ళా పెట్టేసినాది. రెండోది చేతిలోకి తీసుకునే లోపల పాలు పొంగిన వాసన వచ్చి వంటింట్లోకి పరిగెత్తినాది.

మధ్యాన్నం సంగటి ఏళకు ప్రవీణ్ సీడీ ఏసినాడు. పాతదంతా తుడుచుకోని పోయినాది. నీలం తెర మీద అంకెలు ఒక్కొక్కటే ఎక్కుతాంటే ఇంట్లోవాళ్ళంతా కాన్పు కోసం కాసుకున్నట్ల గమ్మున కూర్చున్నారు. పొద్దు వాలే ఏళకు తెర తెల్లగా ఎలిగి, పచ్చని గుట్ట ఒకటి వచ్చినాది. గుట్ట నిండా గడ్డి, పైన నీలం ఆకాశం, తెల్ల మోడాలు.

భద్రమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాది. "ఇది ఏ ఊరప్పా? వాన బాగ పడినట్లుండాదే," అన్నాది.

ఎవురూ నగలేదు. అందరూ ఆ పచ్చదనం వైపే చూస్తా ఉండిపోయినారు.

అప్పుడు ప్రవీణ్ అచ్చరాల ఫ్లాపీ పెట్టినాడు. కరకర అన్నాది, ఏమీ రాలేదు. మళ్ళా పెట్టినాడు, మళ్ళా కరకరే. తీసి రేకు జరిపి చూస్తే లోపలంతా ఎర్రగా ఉండాది. వానల ఫ్లాపీ పెట్టినాడు. అది తెరుచుకున్నాది గాని, తెర మీద వచ్చింది తెలుగు గాదు. ఇంగ్లీషు ముక్కలు, గీతలు, చుక్కలు, కొక్కేలు, కంప నరికి పోసినట్ల ఉండాది. రెండూ పోయినాయి, కుంకుమ రెండింటికీ పాకినాది అన్నాడు ప్రవీణ్.

ఒకదానికే పెట్టినానప్పా అని భద్రమ్మ ఏడుపు అందుకున్నాది. ఇంద్రాణి నేల మీద కూర్చుండిపోయినాది. ఆయమ్మ అత్తను ఒక్క మాట అనలేదు, మొగుణ్ణీ అనలేదు. అదే ఇంగా కష్టంగా ఉండాది వాళ్ళకు.

గంగాధరప్ప గోనెపట్ట జరుపుకోని తెర కాడికి వచ్చినాడు. ఆయప్పకు ఆ కంప ఒకటే, తెలుగు ఒకటే. ముందు కూడా ఆయప్ప చూసింది గీతలే గదా. ఏలు పెట్టి, పై నుంచి కిందికి నిదానంగా దించినాడు.

"ఇది… పొట్టిది. ఒక గీత," అన్నాడు. "గొడ్లను తోలేసిన ఏడు. కింద… ఇంగొకటి పొట్టిది ఉండల్ల."

ఇంద్రాణి లేచి మీట నొక్కినాది. కింద ఇంగొకటి పొట్టిది ఉండాది.

"తర్వాత… మూడు గీతలు. హస్తలో చెరువు తెగినాది."

నొక్కినాది. మూడు గీతలు ఉండాయి.

ఇంద్రాణి తెరకు మొగం ఆనించి చూసినాది. ప్రతి వాన కాడా ఒకే మాదిరి గుర్తులు మళ్ళా మళ్ళా వస్తాండాయి. అది కార్తె అనే మాట అయ్యుండల్ల అన్నాది. చెడిపోయిందైతే ఇంత వరసగా ఉండదు, వానలు యాడికీ పోలేదు మామా అన్నాది.

"మనిషి ఆ మనిషే," అన్నాడు గంగాధరప్ప. "గుడ్డలు మారినాయి."

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ మెల్లగానే చెప్తారు. గీత మీద ఏలు పెట్టేకొద్దీ ఆయప్ప నోరు తెరుచుకుంటా వచ్చినాది. ఆగి ఆగి వచ్చే మాట, నిదానంగా వచ్చే మాట అయినాది. మఖలో పడిన వాన, పుబ్బలో తేలిపోయిన మోడం, చిత్తలో మూడు దినాలు ఇడవకుండా పట్టిన ముసురు. తల్లోనుంచి పోయినాయనుకున్నవి ఒకదాని ఎనక ఒకటి, పేరు పెట్టి పిలిచినట్ల వచ్చినాయి. భద్రమ్మ ఏడుపు మానేసినాది. ప్రవీణ్ ఇంద్రాణి ఎనక గోడకానుకోని నిలబడినాడు. రెండు ఎండాకాలాలు నాయన ఈ రూములోనే ఈ మాటలు చెప్పినాడు, తాను ఒక్క దినమన్నా కూర్చోని ఇనలేదని అప్పుడు తెలిసొచ్చినాది.

ఏలు ఒక తావ ఆగినాది. ఆడ గీతలు పొడుగ్గా, ఎన్ని ఉండాయో లెక్క లేనట్ల ఉండాయి. అన్నిటికంటే పెద్దది అదే.

"ఇది శానా వానలు పడిన ఏడా నాయనా?" అని అడిగినాడు ప్రవీణ్.

"లేదప్పా. ఆ ఏడు వానలు రెండే."

"మళ్ళ ఇంత పొడుగు యాల ఉండాది?"

"నువ్వు పుట్టినావు గదా."

గంగాధరప్ప తెర మీద నుంచి ఏలు తీయకుండానే చెప్పినాడు. "ఆరుద్రలో ఒకటి పడినాది, దుమ్మణిగినాది. మళ్ళా చిత్తలో పడినాది. నేను చేని కాడ ఉంటిని. కబురొస్తే తడుచుకుంటా వస్తి. మీ అవ్వ, అంటే మా యమ్మ, నన్ను గడప కాడే నిలబెట్టి, తల తుడుచుకుంటే గాని ఎత్తుకోనీయనన్నాది. తువాలు తడిసిపోయి ఉండాది. ఆమె కొంగుతోనే తుడిపించుకోని ఎత్తుకుంటి. పైరు పోయినాదని ఆ ఏడు ఊరంతా ఏడిస్తే, నాకు మాత్రం మంచి ఏడు అనిపిస్తాండాది. ఎవురికీ చెప్పలేదు, సిగ్గయి."

రాత్రే ప్రవీణ్ ఫోను చేసి చెప్తే, మరుసటి దినం పొద్దున్నే మొదటి బస్సుకు మస్తాన్ వలి అచ్చరాలు తీసుకోని వచ్చినాడు. అచ్చరాలు వేరే, రాసింది వేరే, అచ్చరాలు లేకుంటే రాసింది అట్లనే ఏషం మార్చుకోని కనపడతాదని చెప్పి, రెండు నిమిషాల్లో ఏసినాడు. కంపంతా కరిగి తెలుగు అయినాది. ప్రవీణ్ ఆ పొడుగు గీతల కాడికి పోయి గట్టిగా సదివినాడు. ఆరుద్ర, దుమ్ము, చిత్త, గడప, తువాలు, కొంగు. ముందు దినం నాయన చెప్పింది చెప్పినట్లే ఉండాది, సిగ్గయి అనే మాట కూడా పోలేదు. ఆడికి వచ్చేసరికి సదవలేకపోయినాడు. లేచి వచ్చి గోనెపట్ట మీద నాయన పక్కన కూర్చోని, ఆయప్ప మోకాలి మీద తల పెట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఏండ్ల మనిషి.

ఆ ఏడు నుంచి వాన పడిన దినం పెట్టె ముందర కూర్చోని కొట్టేది ప్రవీణే. ఇంద్రాణి ఉన్నా ఆయమ్మను కొట్టనీడు.

మనవరాలా, ఇంగ ఒక్క పని చేయి. మీ భద్రమ్మ అవ్వ గుంతకల్లులో కూతురింటికి పోయి ఉండాది గదా. ఆమె ఇప్పటికీ ఆ కంప్యూటర్ రూములో అడుగు పెట్టదు, కసువు కూడా గడప కాడి నుంచే ఊడుస్తాది. తాను తప్పు చేసినానని ఆమెకు ఇంగా మనసులో ఉండాది. ఆ కుంకుమ తగలకుండా ఉంటే ఆ సందకాడ వానలు తిన్నగా తెలుగులో వచ్చేవి. ఎవురి పాటికి వాళ్ళు లేసి పోయేవాళ్ళు. గంగాధరప్ప నోరు తెరిచేవాడే కాదు, ప్రవీణ్ అడిగేవాడే కాదు. ఇదంతా ఫోనులో ఆమెకు సదివి ఇనిపించు. కుంకుమ కాడ మాత్రం తొందర పడొద్దు, మెల్లగా సదువు.